రెండూ కాదన్న నర్సింగం

సెంటినరీ కాలనీ నుంచి గోదావరిఖని పోయే షేర్ ఆటో సగం దారిలో ఆగిపోయింది. ముందు ఒక బొగ్గు టిప్పర్ యాక్సిల్ విరిగి రోడ్డుకు అడ్డం పడింది. దాని వెనక ఇంకో పది టిప్పర్లు, రెండు బస్సులు, పెండ్లివాళ్లను ఎక్కించుకున్న డీసీఎం వ్యాను ఒకటి. వైశాఖపు ఎండ. రోడ్డు పక్క తుమ్మచెట్లు బూడిద రంగుకు తిరిగి చాలా రోజులైంది. డ్రైవర్ ఇంజన్ ఆపి, తువ్వాల మొహాన కప్పుకుని, ఈ లోకంతో తనకింక పని లేదన్నట్టు వెనక్కి వాలాడు.

అతని పక్కన, సగం సీటు మీద సగం గాలి మీద కూర్చున్న ఇస్హాక్‌కు తొందరేమీ లేదు. ముప్పై అయిదేళ్లు బాయి మీద, అంటే బొగ్గు గని మీద, హాలర్ నడిపి రిటైరైన మనిషి. బొగ్గు టబ్బులను ఇనుప తాడుతో లోపలికి దించి పైకి లాగే యంత్రాన్ని ఇక్కడ హాలర్ అంటారు. ఇప్పుడు కాలనీ గేటు దగ్గర చిన్న డబ్బాలో కూర్చుని కాలిపోయిన మోటార్లకు కొత్త తీగ చుడుతుంటాడు. ఆ తీగ కోసమే ఖనికి ప్రయాణం. ఇవాళ కాకపోతే రేపు తెచ్చుకోవచ్చు.

ఆగిన బండ్ల పక్క నుంచి ఎదురుగా ఒక మనిషి నడిచి వస్తున్నాడు. ఇస్త్రీ చేసిన తెల్ల అంగీ, చంకలో ప్లాస్టిక్ కవరు. ముందుగా ఇస్హాక్ గుర్తుపట్టింది మొహాన్ని కాదు, నడకను. ఏళ్ల తరబడి బాయిలో పనిచేసినవాడి మెడ బయటికొచ్చాక కూడా పైకప్పును మరిచిపోదు. నెత్తి మీద ఆకాశం తప్ప ఏమీ లేని చోట కూడా నాలుగడుగులకోసారి తల వంచుతుంది.

"రఘుపతీ" అని పిలిచాడు. ఆ మనిషి పోతూనే ఉన్నాడు. "ఓ రఘుపతీ, చెవులు బాయిలనే ఇడ్సిపెట్టొచ్చినవా ఏంది?" అన్నాక ఆగాడు. మరిచిపోయిన సామానేదో గుర్తొచ్చినవాడిలా మెల్లగా వెనక్కి వచ్చాడు.

అతని అసలు పేరు నర్సింగం. ఆ సంగతి ఇస్హాక్‌కూ తెలుసు. అయినా ముప్పై నాలుగేళ్లు రఘుపతి అని పిలిచిన నోరు కదా, వేరే పేరు రాలేదు.

మారుపేరు అంటే మిగతా ఊళ్లలో కవులకో దొంగలకో ఉండేది. ఈ బొగ్గు నేలలో అది మామూలు సంసారులకు ఉంటుంది. అన్న పేరు మీద తమ్ముడు, పారిపోయినవాడి పేరు మీద దొరికినవాడు, చచ్చినవాడి పేరు మీద బతికినవాడు బాయి దిగిన కాలం ఒకటుండేది. భూమి లోపల ఎవడి మొహమైనా నల్లగానే ఉండేది గనుక ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. నర్సింగం మేనబావ రఘుపతికి నౌకరీ కాగితం వచ్చింది. ఒక్క రోజు దిగాడు. షిఫ్టు సగంలోనే పైకొచ్చి, కడుపులో ఉన్నదంతా కక్కి, అటునుంచి అటే భీవండి బస్సెక్కాడు. మగ్గాల దగ్గర చప్పుడుంటుంది గానీ వెలుతురుంటుందని కబురు పంపాడు. మర్నాడు మొదటి షిఫ్టుకు ఆ కాగితంతో నర్సింగం పోయాడు. మస్టర్ రూములో గుమస్తా "రఘుపతి" అని పిలిచాడు. ఇరవై మూడేళ్ల నర్సింగం "ఉన్న" అన్నాడు. అంతే. ఆ ఒక్క మాట మీద సంసారం నిలబడింది. ఆ తర్వాత రోజూ పొద్దున లేచి ఇంకొకడు ఉన్నట్టు సాక్ష్యం చెప్పడమే అతని ఉద్యోగమైంది.

"ఖని గిటుంటే నువ్వు గటు నడుస్తున్నవేంది?" అని అడిగాడు ఇస్హాక్.

బస్సు ఆగిందని దిగానని నర్సింగం అన్నాడు. దిగినవాడు ముందుకు నడవాలి గానీ ఇంటివైపు నడుస్తాడా అని ఇస్హాక్ నిలదీశాడు. అప్పుడు ఆటో నీడన నిలబడి, ఎవరి సంగతో చెబుతున్నట్టు, నర్సింగం కథంతా చెప్పుకొచ్చాడు.

రెండేళ్ల కింద నడుము పోయి, ఊపిరి చాలక, డాక్టర్ల బోర్డు అతన్ని అన్‌ఫిట్ చేసింది. అట్లా దిగిపోయినవాడి ఉద్యోగం వాడి బిడ్డకు వస్తుంది. బిడ్డ పేరు రవళి. ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది. ఆమె వయసు గడువు ఈ దసరాతో దాటిపోతుంది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఒక్కటి తప్ప. చిన్నప్పుడు బిడ్డను బళ్లో వేసిన రోజు నర్సింగం మొదటి షిఫ్టులో ఉన్నాడు. తల్లి సారవ్వ తీసుకుపోయింది. తండ్రి పేరేమిటని పంతులు అడిగితే, సారవ్వకు అబద్ధం చేత కాలేదో, అబద్ధమొకటి ఉందనే గుర్తు లేదో, నర్సింగం అని చెప్పింది. కంపెనీ లెక్కలో కార్మికుడు రఘుపతి. బడి కాగితంలో తండ్రి నర్సింగం. అంటే కార్మికుడికి బిడ్డ లేదు, బిడ్డకు కార్మికుడైన తండ్రి లేడు.

దీనికీ దారి ఉంది. ఇట్లాంటి ఫైళ్లను విచారించే ఆఫీసరు ముందు "రఘుపతి పేరున పనిచేసిన నర్సింగాన్ని నేనే" అని ఒప్పుకుని సంతకం పెట్టాలి. తోటి కార్మికుడొకడు సాక్ష్యం చెప్పాలి. మొదటి విచారణకు బిడ్డను వెంటబెట్టుకుని పోయాడు. నువ్వు రఘుపతివా, నర్సింగానివా అని ఆఫీసరు అడిగాడు. ఇతను కాసేపు ఆలోచించి "రెండు కాదు సార్" అన్నాడు. ఆఫీసరు అదే రాసుకున్నాడు. రెండో విచారణలో అసలు నోరే విప్పలేదు. ఇవాళ పన్నెండు గంటలకు మూడోది, చివరిది. సాక్ష్యం చెబుతానన్న ఉపేందర్ మొన్న పక్షవాతం వచ్చి కరీంనగర్ దవాఖానలో పడ్డాడు. బస్సు ఆగింది. దిగాడు. కాళ్లు ఇంటివైపు తిరిగాయి.

"రెండు కాదన్నవా?" ఇస్హాక్ ఆటో దిగి నిలబడ్డాడు. "మరింకెవలివి? మూడోడెవడన్న ఉన్నడా?"

"అదే ఎరుక లేదు భాయ్."

ఆ మాట విని నవ్వాలో తిట్టాలో ఇస్హాక్‌కు తోచలేదు. ఎరుక అనే మాటకు ఈ నేల మీద రెండు బతుకులున్నాయి. ఇంటి మాటలో ఎరుక అంటే తెలియడం. వాన పడుతుందా అంటే, ఎవలకెరుక అంటారు. అచల బోధ వినేవాళ్లలో మాత్రం ఎరుక అంటే రోగం. ఉన్నదంతా బయలు, అది కదలదు, పుట్టదు, చావదు. అందులో ఊరికే ఎరుక ఒకటి లేచి నేను నేను అని కూస్తుంది. ఆ కూతనే మనిషి అనుకుంటాం. పీఠాలు లేవు, పెద్ద గ్రంథాలు లేవు. నేతగాళ్లు, కల్లుగీసేవాళ్లు, బొగ్గు నింపేవాళ్లు రాత్రి చాపలేసుకుని కూర్చుని ఇట్లాంటి మాటలాడుకోవడం ఈ జిల్లాల్లో తాతల నాటి నుంచీ ఉంది. కాశీలో ఏళ్ల తరబడి చదివినవాళ్లు చేరే చోటికి వీళ్లు బీడీ కాలేంతలో చేరి, మళ్లీ పొద్దున షిఫ్టుకు పోతారు.

నర్సింగం అక్కడికి ఎట్లా చేరాడో ఇస్హాక్‌కు కొంత తెలుసు. ఎనిమిదేళ్ల కింద భీవండి నుంచి అసలు రఘుపతి చచ్చిపోయాడని ఫోన్ వచ్చింది. పెండ్లి లేదు, పిల్లల్లేరు. దినాలు చేయడానికి నర్సింగమే దిక్కు. గుండు చేయించుకుని, పిండం పెట్టి, రఘుపతి అని మూడుసార్లు పేరు చెప్పి నీళ్లు వదిలాడు. మర్నాడు డ్యూటీకి వచ్చాడు. మస్టరులో "రఘుపతి" అని పిలిచారు. ఎప్పటిలాగే "ఉన్న" అన్నాడు. అని, అక్కడే నిలబడిపోయాడు. వెనకవాడు నెట్టేదాకా కదల్లేదు. ఆ వారమంతా పనిలో అతని తీరు వేరుగా ఉందని అందరూ అనుకున్నారు. గుండు చూసి మేనబావ మీద ప్రేమ అనుకున్నారు.

ఆ తర్వాతే అంకూస్ గురువు దగ్గరికి పోవడం మొదలైంది. అంకూస్ రిటైరైన బొగ్గు నింపే మనిషి. కాలనీ పాత క్వార్టర్లలో ఉంటాడు, నస్యం పీలుస్తాడు, కోళ్లు పెంచుతాడు. నర్సింగం మేనబావ సంగతంతా చెప్పి, మరి పొద్దున ఉన్న అన్నదెవరని అడిగాడట. గురువు కోడిని తోలుతూ, నీకు ఒక్క మారుపేరే కనబడుతున్నదా అన్నాడట. రఘుపతి కంపెనీ పెట్టిన మారుపేరు, నర్సింగం మీ అవ్వ పెట్టిన మారుపేరు, నేను అనేది నీకు నువ్వే పెట్టుకున్న మారుపేరు, మూడింటి మీదా డ్యూటీ చేసినవాడు ఒక్కడూ లేడు, డ్యూటీ అయింది అంతే అన్నాడట.

వేరేవాడైతే ఈ మాట విని మూడు రోజుల్లో మరిచిపోయేవాడు. నర్సింగానికి అది పాత చెప్పులా అమిరిపోయింది. చేసే పని కూడా అట్లాంటిదే. అతను టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టడం పని. కొత్తగా వచ్చిన పిల్లలు దిమ్మెను పట్టుకుని, ఇదే కదా కాకా కప్పును మోసేది అంటే, నర్సింగం తల ఊపేవాడు కాదు. కొండంత బరువును జానెడు కర్ర మోస్తుందా? కప్పు తనంతట తాను నిలుస్తుంది, తనంతట తాను కూలుతుంది. కూలే ముందు కర్ర కిర్రుమని చెబుతుంది, అంతే దాని పని అనేవాడు. ఆ కిర్రు విని నలభై మందిని బయటికి పంపిన రోజు కూడా, తాను కాపాడానని ఎన్నడూ అనలేదు. కర్ర చెప్పింది, కాళ్లు ఉరికినయి అన్నాడు. అందరూ అణకువ అనుకున్నారు. నిజానికి అతనికి అట్లాగే కనబడింది.

రోడ్డు పక్క బండి మీద ఇస్హాక్ రెండు నిమ్మ సోడాలు చెప్పాడు. నర్సింగం సోడా పట్టుకున్నాడు గానీ తాగలేదు. ఇంట్లో సంగతి అడిగితే, సారవ్వ రెండు నెలల నుంచి మాట్లాడడం లేదని చెప్పాడు. అన్నం పెడుతుంది, పీట జరుపుతుంది, మొహం చూడదు. బిడ్డ మాట్లాడుతుంది గానీ బాపు అని పిలవడం లేదు. మొదటి విచారణ రోజు ఆఫీసరు గది బయట బల్ల మీద కూర్చుని అన్నీ వింది కదా. రెండూ కాదన్నవాణ్ని ఏమని పిలుస్తుంది?

ఇస్హాక్ తన సోడా ఒక్క గుక్కలో తాగి సీసా కింద పెట్టాడు. ఇస్హాక్ అయిదు పూటల నమాజు చేసే మనిషి. వేదాంతం జోలికి పోడు. కానీ భార్య ఫక్రున్నీసా వైపు పెద్దల్లో దర్గాల వెంట తిరిగినవాళ్లున్నారు. ఇట్లాంటి మాటలు చెవిన పడనివి కావు.

"మా దిక్కు గూడ ఉన్నరు తమ్మీ, నేను లేను, మట్టిని అన్నోళ్లు. గా మట్టిని తొక్కినా ఊకుంటది, ఇటుక చెయ్యమన్నా అయితది. కాగితం మీద సంతకం పెట్టమంటే పెడ్తది. నీది మట్టి కాదు, బండ. లేనోనికి గింత పంతమేంది? గా ఆఫీసుల నోరు మూసుకున్నోని పేరేంది? వాడే అసలోడు, గట్టోడు."

నర్సింగం తాగని సోడాను తిరిగి బండి మీద పెట్టాడు. ఎదుటి టిప్పర్ కింద ఇద్దరు మెకానిక్కులు జాకీ పెట్టి, ఒకరినొకరు తిట్టుకుంటున్నారు.

"పంతం కాదు భాయ్" అన్నాడు నర్సింగం. "అలసట. ముప్పై నాలుగేండ్లు ఒకణ్ని మోసిన. గురువు దగ్గర కూసున్నంక వాణ్ని దించిన. పానం కొంచెం సల్లబడ్డది. ఇప్పుడు మల్ల వాణ్ని ఎత్తుకొమ్మంటున్నరు. ఒక్కణ్ని కాదు, ఇద్దరిని."

 ఇస్హాక్ అడిగింది ఒక్కటే. "బిడ్డకు చెప్పినవా ఈ మాట?"

నర్సింగం తల అడ్డంగా ఊపాడు. జాకీ మీద టిప్పర్ ఒక పక్కకు లేచింది. జనం అరిచి తోసి దాన్ని పక్కకు జరిపారు. బండ్లు కదిలాయి. ఇస్హాక్ నర్సింగం చెయ్యి పట్టి ఆటోలోకి లాగాడు. చెయ్యి ఎదురు తిరగలేదు. సాయం కూడా చేయలేదు. తీగ సంగతి తర్వాత చూసుకోవచ్చు, సాక్షి ఇక దొరికినట్టే అనుకున్నాడు ఇస్హాక్.

ఖనిలో ఆ విచారణ ఆఫీసరు పేరు గోపాలరావు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఈ బొగ్గు ఊళ్లలోనే నెత్తి నెరిసిన మనిషి. గదిలో ఒక కూలరు, రెండు బీరువాలు, బల్ల మీద ఒకదాని మీద ఒకటి ఫైళ్లు. వచ్చినవాళ్లను కూర్చోమని, చల్లని నీళ్లు తెప్పించాడు. దయ ఉన్నవాడే. కానీ రోజుకు పదిమంది మారుపేర్లను విని, ఆ దయ కూడా అలిసిపోయింది.

ముందు ఇస్హాక్‌ను అడిగాడు. ఈయన మీకెట్లా తెలుసన్నాడు. ఒకే బాయి సార్ అన్నాడు ఇస్హాక్. ఈయన పనిచేయడం మీరు కళ్లతో చూశారా అన్నాడు గోపాలరావు. చూశానని వెంటనే అనేశాడు. అన్నాక మనసులో ఏదో ముల్లులా గుచ్చుకుంది. హాలర్ దగ్గర కూర్చునే మనిషికి లోపల ఎవరున్నారో కనబడదు. తాడు చీకట్లోకి పోతుంది. లోపలి నుంచి గంట మోగుతుంది. ఒక లెక్కకు ఆపాలి, ఒక లెక్కకు దించాలి, ఇంకో లెక్కకు లాగాలి. ముప్పై అయిదేళ్లు ఆ పిడి తన చేతిలో ఉందని, తానే లాగుతున్నానని అనుకున్నాడు. గంట ఎవరు కొట్టారో ఎన్నడూ చూడలేదు. గంట కొట్టినవాడికీ పైన పిడి ఎవరి చేతిలో ఉందో తెలియదు. మరి పని ఎవరు చేసినట్టు? ఇస్హాక్ ఆ ఆలోచనను అక్కడే తొక్కిపెట్టి, సాక్షి అన్న చోట ఉర్దూలో సంతకం చేశాడు.

గోపాలరావు పాత కాగితం తీసి నర్సింగం ముందు పెట్టాడు. "మొదటిసారి రెండూ కాదని చెప్పారు. కింద సంతకం చోట ఒక గీత గీశారు. మీరు అబద్ధం చెబుతున్నారని నేను అనడం లేదండీ. కానీ గీతకు ఉద్యోగం ఇవ్వడానికి నా దగ్గర రూలు లేదు. ఇవాళ కూడా ఇంతే అయితే ఫైలు మూసేస్తాను. తర్వాత మీరు వచ్చినా నేను చేయగలిగింది ఉండదు."

 నర్సింగం కాగితం వైపు చూస్తున్నాడు. అతని మొహంలో ఇస్హాక్ ఎదురుచూసిన పెనుగులాట లేదు. రెండు షిఫ్టులు చేసి, మూడోదానికి రమ్మన్న కబురు విన్నవాడి మొహం ఉంది.

"సార్, పని చేసినోని పేరు, బిడ్డ తండ్రి పేరు వేరేవేరే గడులల్ల ఉన్నయా?"

"ఉన్నాయి."

"పని చేసినోడు రఘుపతి. బిడ్డ తండ్రి నర్సింగం." కొంచెం ఊపిరి పీల్చుకున్నాడు. "ఇద్దరు నేనే. రాసుకోండ్రి."

గోపాలరావు రాశాడు. రాసింది చదివి వినిపించాడు. ఎవరి ఒత్తిడీ లేకుండా, పూర్తి స్పృహతో అనే మాటలు అందులో ఉన్నాయి. నర్సింగం విన్నాడు. కాగితం తిప్పి రెండు చోట్ల సంతకం చూపించాడు గోపాలరావు. మొదటిది రఘుపతి పేరున, రెండోది నర్సింగం పేరున.

మొదటిది చకచకా పెట్టాడు. చేతికి అలవాటైన సంతకం, కింద ఒక మెలిక కూడా ఉంది. రెండో చోట పెన్ను ఆగింది. గోపాలరావు ఎదురుచూశాడు. మళ్లీ మొండికేస్తున్నాడేమోనని ఇస్హాక్ కుర్చీలో ముందుకు జరిగాడు.

"ఈ పేరు రాయరాదు సార్" అన్నాడు నర్సింగం.

ఇస్హాక్‌కు అప్పుడు అర్థమైంది. నర్సింగం ఊళ్లో బడి మొహం చూడలేదు. బాయిలో చేరాక కంపెనీ వాళ్లు సాయంత్రాలు పెద్దవాళ్లకు సంతకం నేర్పించారు. నేర్పింది రఘుపతి అనే నాలుగక్షరాలే. ఆ తర్వాత ఇంకో పేరు రాసే అవసరం ఎన్నడూ పడలేదు. అరవై ఏళ్లకు దగ్గరపడ్డ మనిషి, తల్లి పెట్టిన పేరును ఒక్కసారైనా తన చేత్తో రాసి ఎరగడు. మొదటి రోజు గీసిన ఆ గీత బహుశా వేదాంతం కాదు, లేదా వేదాంతం ఒక్కటే కాదు.

వేలిముద్ర వేయమని చెబితే సరిపోయేది. గోపాలరావు అది చెప్పలేదు. ఒక తెల్ల కాగితం మీద పెద్ద అక్షరాలతో నర్సింగం అని రాసి జరిపాడు. నర్సింగం దాన్ని చూస్తూ బొమ్మ గీసినట్టు గీశాడు. న గీశాడు. ర్సిం దగ్గర ఏది పైన ఏది కింద అని ఆగాడు. గోపాలరావు వేలితో చూపించాడు. గం దగ్గర చివరి సున్నా పూర్తిగా మూసుకోలేదు. ఇస్హాక్ బీరువా వైపు తిరిగి, దాని మీద అంటించిన పాత క్యాలెండర్ చూశాడు.

ఫైలు పైకి పంపుతానని, దసరాలోపే తేలుతుందని అనుకుంటున్నానని, తన వైపు నుంచి అడ్డేమీ లేదని గోపాలరావు చెప్పాడు. నర్సింగం లేచి దండం పెట్టాడు.

బయట వరండాలో ఎండ కళ్లల్లో కొట్టింది. ఇస్హాక్ గెలిచినవాడిలా ఉండాల్సింది. ఎందుకో ఎవరినో నిద్రలోంచి లేపి బరువు నెత్తికెత్తినట్టు ఉంది. పక్కన నర్సింగం అంగీ పై గుండీ విప్పుకుని, మెట్ల మీద నిలబడి, దేన్నీ చూడకుండా చూస్తున్నాడు.  ముందు ఇంటికి కబురు చెప్పాలని ఇస్హాక్ ఫోన్ తీశాడు. సారవ్వ మొదటి రింగుకే ఎత్తింది. ఫోన్ చేతిలో పెట్టుకునే కూర్చుని ఉంటుంది.

"చెప్పిండు సెల్లె" అన్నాడు ఇస్హాక్. "సంతకం గూడ అయింది. రెండు పేర్లు పెట్టిండు."

 అటువైపు ముక్కు చీదిన చప్పుడు. వెనక ఎవరితోనో, రవళితోనే కావచ్చు, అయిందట అని చెప్పడం వినిపించింది. ఏమన్నాడు, సరిగ్గా ఏమన్నాడో చెప్పమని అడిగింది సారవ్వ. ఇద్దరూ నేనే అన్నాడని ఇస్హాక్ చెప్పాడు. ఆమె మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పాడు.

"మనిషి ఎట్లున్నడన్నా?"

అది చెప్పడానికి ఇస్హాక్ మెట్ల వైపు తిరిగాడు. అక్కడ ఎవరూ లేరు. ఆఫీసు గేటు బయట, బస్సు దిగుతున్న రెండో షిఫ్టు మనుషుల గుంపులోంచి, తెల్ల అంగీ ఒకటి ఇంటి దారి కాని చౌరస్తా వైపు పోతోంది. తొందర లేదు, ఆగడం లేదు, వెనక్కి చూడడం లేదు. ఎత్తుకున్న ఇద్దరినీ ఆ కాగితం మీదే దించి వచ్చినవాడి నడక అది. ఫోన్‌లో సారవ్వ, ఒక్కసారి ఆయనకియ్యమని, రెండు నెలలైంది మాట్లాడక, ఒక్కసారి ఇయ్యమని అడుగుతోంది. ఇస్హాక్ ఫోన్ చెవికి పెట్టుకుని, ఆ అంగీ కనబడినంత దూరం చూస్తూ నిలబడ్డాడు.